శనివారము రాత్రి రొయ్యల స్పగెట్టి



రాత్రి ఎనిమిది గంటలకల్లా ఇంటిల్లిపాదీ కుటుంబ ప్రార్థనకు కూర్చోవడము మంచిదని పోయిన నెల ఈ పేజీలో వ్రాశాము. అది చదివిన ఒక పెద్దమ్మ స్త్రీల కూటము ముగిసిన తరువాత గుడి మెట్ల మీద మమ్మల్ని నిలదీసింది.

"ఎనిమిదింటికి అని వ్రాశారు అయ్యగారూ, బాగానే ఉంది. మేము పొలము నుండి వచ్చేసరికే ఆరున్నర. పొయ్యి వెలిగించి, బియ్యము కడిగి, కూర తరిగి, పులుసు దించేసరికి తొమ్మిది. మీరూ పిల్లలూ పాట ఎత్తుకుంటే మేము గరిటె చేత పట్టుకుని గుమ్మములో నిలబడతాము. అది ప్రార్థనా, కాపలానా?"

మా దగ్గర జవాబు లేదు. ఎందుకనగా మా ఇంట్లోనూ అదే తంతు. శనివారము రాత్రి మేము ప్రసంగము కాగితాలు ముందు వేసుకుని కూర్చుంటాము, మా ఆవిడ వంటగదిలో ఉంటుంది. ఆదివారము మధ్యాహ్నానికి వచ్చే అతిథుల కోసము కూడా ఆ రాత్రే మసాలా నూరుతుంది. ఆమె పీట మీద కూర్చుని పూర్తిగా ఒక కీర్తన పాడిన శనివారము ఏదని మమ్మల్ని మేము ప్రశ్నించుకుంటే గుర్తుకు రాలేదు. గనుక ఈ నెల ప్రార్థన సంగతి కాదు, వంట సంగతే వ్రాస్తున్నాము. అందులోనూ మన వంట కాదు, ఇటలీ వారి వంట. నవ్వకండి.

ఇది మాకు నేర్పినది మన సంఘములోని ఒక అబ్బాయి. ఇటలీ రేవుల నుండి బయలుదేరే పెద్ద విహార నౌకలో కొన్నేళ్ళు వంటశాలలో పని చేశాడు. మొదట పాత్రలు కడిగాడు, తరువాత ఉల్లిపాయలు తరిగాడు, చివరకు సముద్రపు వంటకాలు వండే పొయ్యి దగ్గర నేపుల్స్ పట్టణపు వంటవాడొకాయన చేతి క్రింద నిలబడ్డాడు. 2020 మార్చిలో కరోనా వలన ప్రపంచమంతటా విహార నౌకలు ఆగిపోయినప్పుడు ఇంటికి వచ్చాడు. మళ్ళీ వెళ్ళలేదు. తల్లి ఒంటరిది. రొయ్యల షెడ్డులో తలలు తీసి పెంకు వలిచే పని ఆమెది. తడి నేల మీద నిలబడి, మంచు నీళ్ళలో చేతులు పెట్టి, రొయ్య ముల్లు గుచ్చుకున్న వ్రేళ్ళతో కొడుకును చదివించింది. కొడుకు ఓడలో ఏమి పని చేశాడో ఆమె వీధిలో ఎవరికీ చెప్పలేదు. "ఓడలో ఉద్యోగము" అనేది, అంతే. మగపిల్లవాడు గరిటె తిప్పి జీతము తెచ్చాడని చెప్పుకోవడము ఆమెకు నామోషీ.

2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకు మీద సుంకమును 50 శాతానికి పెంచినప్పుడు మన రొయ్యల చెరువుల గట్ల మీద ఏడుపు ఒక్కటే తక్కువ. ఆ షెడ్డులో పని వారానికి మూడు రోజులకు దిగింది. ఆ రోజులలోనే ఈ అబ్బాయి పట్టణములో బస్టాండు దగ్గర చిన్న వంట బండి పెట్టుకుంటానని తల్లితో అన్నాడు. ఆమె మూడు రోజులు అతనితో మాట్లాడలేదు. మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మీరైనా వాడికి బుద్ధి చెప్పండి" అన్నది. అబ్బాయిని పిలిచి అడిగాము. అతడు వాదించలేదు. "అయ్యగారూ, శనివారము మీ వంటగది గంటసేపు నాకు ఇవ్వండి. అమ్మను కూడా పిలవండి" అన్నాడు.

ఆ శనివారము సంగతి చివర చెప్పుతాము. ముందు వంట.

స్పగెట్టి అంటే గోధుమ పిండితో చేసిన పొడవాటి సన్నని పుల్లలు. ఇటలీ భాషలో స్పాగో అంటే పురికొస. చిన్న పురికొసలు అని ఆ పేరుకు అర్థము. మన సేమ్యాకు ఇది చుట్టమే గాని గుణము వేరు. డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వతో చేస్తారు. ఎండు పాస్తాను ఆ గోధుమతోనే చేయాలని ఇటలీలో 1967లో చట్టమే తెచ్చారు. నేపుల్స్ దగ్గర గ్రాన్యానో అనే ఊరు దీనికి పెట్టింది పేరు. పూర్వము ఆ ఊరి వీధుల్లో, మన పల్లెల్లో వడియాలు ఎండబెట్టినట్టు, పాస్తాను కర్రల మీద వేలాడదీసి సముద్రపు గాలికి ఆరబెట్టేవారు. ఇప్పుడు మన పట్టణాల్లో పెద్ద కొట్లలో స్పగెట్టి పొట్లాలు దొరుకుతున్నాయి. పొట్లము మీద డ్యూరమ్ అని ఉన్నదో లేదో చూచి తీసుకోండి. మైదాతో చేసినదైతే ఉడికేసరికి జావ అవుతుంది.

నేపుల్స్ వారు స్పగెట్టిని ఎక్కువగా గుల్లలతో వండుతారు. గుల్లలంటే మనలో చాలామందికి సున్నము బట్టీయే గుర్తుకు వస్తుంది గాని, కూర గుర్తుకు రాదు. వారికి మాత్రము క్రిస్మస్ ముందు రాత్రి గుల్లల స్పగెట్టి లేనిదే పండుగ కాదు. ఆ రాత్రి మాంసము ముట్టకుండా చేపలు, గుల్లలు తినడము అక్కడి పాత ఆచారము. గుల్లలను ఉప్పు నీళ్ళలో గంటల తరబడి నానబెట్టి ఇసుక కక్కించాలి. ముందే నోరు తెరచుకుని ఉండి, తట్టినా మూసుకోనిది చచ్చినది గనుక పారవేయాలి. వండిన తరువాత కూడా నోరు తెరవనిది తినకూడదు. ఇంత పరీక్ష శనివారము సాయంత్రము మన వల్ల కాదు. గనుక రొయ్యలతో చేద్దాము. రొయ్యలతో కూడా వారు చేస్తారు.

నలుగురికి కావలసినవి చెప్పుతాము. పెంకుతో ఉన్న రొయ్యలు అరకిలో. స్పగెట్టి 400 గ్రాములు. మనిషికి 100 గ్రాములని వారి లెక్క, అన్నము కూడా పక్కన ఉంటే 300 చాలు. వెల్లుల్లి ఆరు రెబ్బలు, ఎండుమిర్చి రెండు, బాగా పండిన టమాటాలు మూడు, నూనె ఐదారు పెద్ద చెంచాలు, సగము నిమ్మకాయ, ఒక గుప్పెడు కొత్తిమీర, ఉప్పు. అంతే. ధనియాలు లేవు, గరము మసాలా లేదు, అల్లము లేదు. "ఇంకేమీ లేదా?" అని మా ఆవిడ మూడుసార్లు అడిగింది.

రొయ్యల విషయములో మన జిల్లాలవారికి ఎవరూ పాఠము చెప్పనక్కరలేదు. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంట్. ముప్పై కౌంట్ పెద్దది, వంద కౌంట్ చిన్నది. ఈ వంటకు పెద్దవి అవసరము లేదు. అరవై, డెబ్బై కౌంట్ చాలు, ధరా తక్కువ. తాజాదనమే ముఖ్యము. తల దగ్గర నల్లబడి, మెడ వదులై వ్రేలాడేది వద్దు. పెంకు వలిచి, వీపు మీద చీల్చి నల్లని నరము తీసి, ఉప్పు నీళ్ళతో కడిగి నీరు పూర్తిగా వార్చండి. తడి ఉంటే వేగవు, ఉడుకుతాయి. నీచు వాసన భయము ఉన్నవారు కాస్త నిమ్మరసము రాసి వెంటనే కడిగివేయవచ్చు. మేమూ అలాగే చేశాము. పసుపు మాత్రము వద్దన్నాడు అబ్బాయి.

ఇక్కడ ఒక సంగతి. తలలు, పెంకులు పారవేయకండి. ఈ వంట రుచి అంతా అందులోనే ఉన్నది. కడిగిన తలలను పెంకులను చిన్న గిన్నెలో ఒక చెంచా నూనెతో ఎర్రబడేదాకా వేపి, రెండు గ్లాసుల నీళ్ళు పోసి పది నిమిషాలు మరగనిచ్చి, తలలను గరిటెతో నొక్కి వడకట్టాలి. నారింజ రంగు నీళ్ళు వస్తాయి. ఇటలీ వారు ఈ వంటలో తెల్ల ద్రాక్షారసము పోస్తారు. ఆ పులుపు కోసము మనకు నిమ్మకాయ ఉన్నది, ఆ లోతు కోసము ఈ నీళ్ళు ఉన్నవి. సీసా కోసము ఎవరూ ఎక్కడికీ వెళ్ళనక్కరలేదు, వెళ్ళవద్దు కూడా.

నూనె విషయము. వారిది ఒలీవ నూనె. వాక్యము చదివే మనకు ఒలీవ చెట్టు పేరు చిన్ననాటి నుండి తెలుసు గాని, నూనె మాత్రము మందుల షాపులో చంటిపిల్లల ఒంటికి రాసే చిన్న డబ్బాగానే చూచాము. ఇప్పుడు వంటకు పనికి వచ్చేది పట్టణాల్లో దొరుకుతున్నది. ఖరీదే. వేరుశెనగ నూనెతో చేసినా వంట చెడిపోదు, వాసన వేరుగా ఉంటుంది, అంతే. పెద్ద పాత్ర అంతా ఒలీవ నూనెతో చేయలేనివారు పల్లీ నూనెతో వండి, దించిన తరువాత పైన ఒక్క చెంచా ఒలీవ నూనె వేసుకోండి. మా ఇంట్లో అలాగే చేస్తున్నాము.

ఇప్పుడు గడియారము చూచుకోండి. మొదట పెద్ద గిన్నెలో నాలుగు లీటర్ల నీళ్ళు పొయ్యి మీద పెట్టాలి. 100 గ్రాముల స్పగెట్టికి లీటరు నీళ్ళు, 10 గ్రాముల ఉప్పు అని అక్కడి వాడుక. రెండు పెద్ద చెంచాలు నిండుగా ఉప్పు పడుతుంది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపినంత పని చేసింది. అందులో చాలా భాగము నీళ్ళతోనే పోతుంది గనుక భయము లేదు. అయితే రక్తపోటు ఉన్నవారు సగము వేసుకోండి. ఆ నీళ్ళు తెర్లడానికి పావుగంట పడుతుంది. ఆలోగా రొయ్యలు, పెంకుల నీళ్ళు, వెల్లుల్లి సిద్ధమవుతాయి. నీళ్ళు కళపెళ కాగినప్పుడు స్పగెట్టి నిలువుగా వేయండి. విరవకండి. క్రింది భాగము మెత్తబడి దానంతట అదే లోపలికి వంగుతుంది. అప్పుడప్పుడు కలపాలి. పొట్లము మీద పది నిమిషాలని ఉంటే ఎనిమిదికే ఒక పోగు తీసి కొరికి చూడండి. మధ్యలో సూది మొనంత తెల్లచుక్క కనిపించాలి, పంటికి కాస్త తగలాలి. వారు అల్ దెంతె అంటారు, పంటికి తగిలేటట్టు అని. అన్నము మెత్తగా తినే మనకు మొదట ఇది పచ్చిగా తోస్తుంది. మిగిలిన రెండు నిమిషాలు బాణలిలో ఉడుకుతుంది గనుక నిబ్బరముగా ఉండండి.

ఆ ఎనిమిది నిమిషాలలో పక్క పొయ్యి మీద వెడల్పు బాణలి పెట్టి, నూనె చల్లగా ఉండగానే సన్నగా తరిగిన వెల్లుల్లి, త్రుంచిన ఎండుమిర్చి వేసి చిన్న మంట మీద వేడెక్కనివ్వాలి. మన పోపు వలె కాగిన నూనెలో వేస్తే వెల్లుల్లి మాడి చేదెక్కుతుంది. లేత బంగారు రంగు రాగానే రొయ్యలు వేసి మంట పెంచి, ఒక్కొక్క వైపు ఒక నిమిషము, ఆపైన తీసి పళ్ళెములో పెట్టండి. రొయ్య కొడవలి వలె వంగితే ఉడికినట్టు, సున్న వలె చుట్టుకుంటే మితి మీరినట్టు. మన ఇగురు కూరలో పావుగంట ఉడికిన రొయ్య రబ్బరు అవుతుందని మేము నలభై ఏళ్ళ తరువాత తెలుసుకున్నాము. అదే బాణలిలో టమాటా ముక్కలు వేసి మగ్గనిచ్చి, పెంకుల నీళ్ళు ఒక గ్లాసు పోయండి. కాస్త చిక్కబడగానే స్పగెట్టిని పట్టుకారతో ఎత్తి నేరుగా ఇందులోకి వేయాలి. స్పగెట్టి ఉడికిన నీళ్ళు ఒక గరిటెడు పోసి గట్టిగా కలియబెట్టండి. ఆ నీళ్ళలో గంజి ఉన్నది. అది నూనెను నీళ్ళను కలిపి పట్టుకుని పోగు పోగుకూ అంటుకునేలా చేస్తుంది. గంజి విలువ మనకు ఎవరు చెప్పాలి! చివరలో రొయ్యలు తిరిగి వేసి, నిమ్మరసము పిండి, కొత్తిమీర చల్లి దించండి. వారు పార్‌స్లీ ఆకు వాడతారు. కొత్తిమీర రుచి వేరే, అయినా మన నాలుకకు ఇదే నచ్చింది. జున్ను తురుము మాత్రము సముద్రపు వంటల మీద చల్లరు, అక్కడ అది తప్పుగా చూస్తారు. మనకు ఖర్చు తగ్గినది, సంతోషము.

ఇరవై నిమిషాల పని అని అబ్బాయి అన్నాడు. అతని చేతికి ఇరవై. మరుసటి వారము మేము సొంతముగా చేసినప్పుడు గంట పట్టింది. అంతేగాక సేమ్యాను కడిగినట్టు స్పగెట్టిని చన్నీళ్ళతో కడిగేశాము. గంజి అంతా పోయి నూనె ఒక ప్రక్క, పోగులు ఒక ప్రక్క. వెల్లుల్లి కూడా మాడింది, ప్రసంగములోని ఒక మాట గుర్తుకు వచ్చి కాగితము తేవడానికి వెళ్ళాము. పిల్లలు మర్యాదకు తిన్నారు. మూడవసారికి నలభై నిమిషాలలో కుదిరింది, రొయ్యలు వలవడము కలుపుకుని.

స్పగెట్టి దొరకని ఊళ్ళ వారికి ఇంకొకటి చెప్పి వెళ్ళుతాము. నేపుల్స్ ప్రాంతపు జాలరులు చేపను నీళ్ళలో, టమాటాతో, వెల్లుల్లితో, ఒలీవ నూనెతో ఉడికిస్తారు. దాని పేరు అక్వా పాత్సా, అనగా పిచ్చి నీళ్ళు. మన పండుగప్ప చిన్నది ఒకటి శుభ్రము చేసి, రెండు ప్రక్కలా గాట్లు పెట్టి, ఉప్పు రాసి, నూనెలో వెల్లుల్లి వేగిన బాణలిలో పెట్టండి. చుట్టూ టమాటా ముక్కలు వేసి, చేప సగము మునిగేంత నీళ్ళు పోసి మూత పెడితే పదిహేను నిమిషాలలో అయిపోతుంది. చింతపండు లేని పులుసు ఏమి పులుసని అనుకున్నాము. వేడి అన్నములో ఆ నీళ్ళు పోసుకుని తిన్న తరువాత ఆ మాట అనలేదు.

ఒక హెచ్చరిక. రొయ్యలు, గుల్లలు కొందరి ఒంటికి పడవు. తిన్న కొద్దిసేపటికే దద్దుర్లు, పెదవులు వాయడము, ఊపిరి బిగబట్టడము కనిపిస్తే ఇంటి వైద్యము చేస్తూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. అతిథులకు పెట్టేముందు అడగడము మర్యాదే గాని అవమానము కాదు.

ఇప్పుడు ఆ శనివారము సంగతి. తల్లి ఆరు గంటలకు వచ్చి వంటగది బయట బల్ల మీద కూర్చున్నది, లోపలికి రాలేదు. రొయ్యల సంచి చూచి ముఖము తిప్పుకున్నది. "రోజంతా అవే వలిచి, ఆ కంపు కడుక్కోలేక చస్తున్నాను. మళ్ళీ అవేనా, అయ్యగారూ? మా ఇంట్లోకి పదేళ్ళుగా రొయ్య రాలేదు" అన్నది. కొడుకు ఏమీ అనకుండా తానే కూర్చుని వలిచాడు. ఆమె ఓరకంట చూస్తూనే ఉన్నది. కాసేపటికి, "మెడ దగ్గర పట్టుకోరా, అలా లాగితే మాంసము పోతుంది" అన్నది. అప్పటికీ లేవలేదు. అబ్బాయి తలలు, పెంకులు వేరే గిన్నెలోకి తీసి పొయ్యి మీద పెట్టినప్పుడు మాత్రము గుమ్మము దాకా వచ్చింది.

"అవెందుకురా? మా షెడ్డులో వాటిని పారతో ఎత్తి లారీలో పోస్తాము."

అతడు వడకట్టిన నీళ్ళు చిన్న చెంచాతో చల్లార్చి ఇచ్చాడు. ఆమె తాగి, చెంచా చేతిలో ఉంచుకుని కొంచెముసేపు ఊరుకున్నది. "ఓడలో ఇదేనా నువ్వు చేసింది?" అని అడిగింది. "ఇదే అమ్మా. రోజుకు నాలుగు పెద్ద డేగిసాలు" అన్నాడు. వంట చేసేవాడినని ఆమె ముందు అతడు అన్నది మేము అదే మొదటిసారి విన్నాము.

ఏడు నలభైకి అందరమూ కింద కూర్చుని తిన్నాము. ఫోర్కుకు స్పగెట్టి చుట్టడము అబ్బాయి మా పిల్లలకు చూపించాడు. తల్లి చేత్తోనే కలుపుకుని తిన్నది. "కారము చాలలేదు" అన్నది, రెండవసారి వడ్డించుకున్నది. ప్రార్థన ఎనిమిది దాటి ఐదు నిమిషాలకు మొదలైనది. మా ఆవిడ కూర్చునే ఉన్నది, పాట ఆమే ఎత్తుకున్నది.

బస్టాండు దగ్గర బండి విషయము ఆ రాత్రి ఎవరూ ఎత్తలేదు. మేమూ బుద్ధి చెప్పలేదు, ఎవరికి చెప్పాలో తెలియలేదు. వెళ్ళబోయే ముందు ఆమె వంటగదిలోకి వెళ్ళి, మిగిలిన పెంకుల నీళ్ళు ఒక స్టీలు గిన్నెలో పోసుకుని మూత పెట్టింది. రేపు చారులో పోస్తానన్నది. కొడుకు గిన్నె అందుకోబోతే ఇవ్వలేదు, తానే పట్టుకుని నడిచింది.